అమ్మానాన్న వస్తున్నారు, ట్రావెల్ ఇన్సూరెన్స్ ఏది తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. స్టట్‌గార్ట్ వచ్చి నాలుగు నెలలైంది. మే నెలలో అమ్మానాన్నలను మూడు వారాలకు పిలిపిస్తున్నాను. కొన్నాళ్లు నా దగ్గర ఉంటారు, తర్వాత స్విట్జర్లాండ్, పారిస్ చూపిద్దామని. నాన్నగారికి 64, షుగరు ఉంది. ఒక్క కంపెనీలోనే బోలెడు ప్లాన్లు కనిపిస్తున్నాయి. ఊళ్లో ఏజెంటేమో "వీసాకి ఏదైనా చాలు బాబూ" అంటున్నాడు. నిజమేనా?

*

తమ్ముడూ, మాది బరంపురం, మ్యూనిక్‌లో ఉంటాను. మీ ఏజెంటు చెప్పింది సగమే నిజం. షెన్‌గెన్ వీసాకి, అంటే ఒక్క వీసాతో యూరప్‌లో 29 దేశాలు తిరగనిచ్చే దానికి, కనీసం 30,000 యూరోల కవరు ఉండాలి. అది ఆ 29 దేశాల్లోనూ చెల్లాలి. అత్యవసర వైద్యం, జబ్బు చేస్తే ఇండియాకి చేర్చే ఖర్చు, జరగరానిది జరిగితే అయ్యే ఖర్చు కూడా అందులో ఉండాలి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెన్‌గెన్‌లో ఉంది, దానికి వేరే పాలసీ అక్కర్లేదు. ఇదంతా చవక పాలసీ కూడా ఇస్తుంది. కానీ స్విట్జర్లాండ్ ఆసుపత్రి బిల్లుల ముందు 30,000 పెద్ద మొత్తమేమీ కాదు. లక్ష యూరోల దాకా ఉన్నది చూడు.

అసలు తిరకాసు నాన్నగారి షుగరు దగ్గరుంది. మా సంగతి చెబుతాను. అమ్మ వచ్చినప్పుడు సాల్జ్‌బర్గ్ వెళ్లాం. మెట్ల మీద కాలు జారి కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో చెయ్యి గుమ్మడికాయలా వాచిపోతోంది, నర్సు కత్తెర పట్టుకొచ్చి గాజులు కత్తిరిస్తానంటోంది. గాజు గాజులు పోతే పోయాయి, మధ్యలో ఉన్న రెండూ బంగారువి. అమ్మ ఏడుపు నొప్పికి కాదు, వాటికి. చివరికి సబ్బునీళ్లు పోసి, వేళ్లు నొక్కి పట్టి, ఎలాగో లాగారు. ఈ గొడవలో బీమా కంపెనీ అసిస్టెన్స్ నంబరుకి (అత్యవసర సాయానికి ఇచ్చేది) ఫోన్ చెయ్యాలని నాకు తట్టనే లేదు. బిల్లు నా కార్డుతో కట్టేశాను.

క్లెయిమ్ పెడితే తిరస్కరించారు. కారణం, డిశ్చార్జ్ కాగితంలో "బీపీకి మందులు వాడుతున్నారు" అని ఉంది. ప్రపోజల్ ఫారంలో బీపీ ఎదురుగా 'లేదు' అని ఉంది. అది ఏజెంటు నింపాడు, అమ్మ సంతకం పెట్టింది. విరిగిన చేతికీ బీపీకీ ఏమిటి సంబంధమని నేను ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే నాలుగు నెలలకి డబ్బు వచ్చింది, వంద డాలర్ల డిడక్టబుల్ (మన వాటాగా మనమే పెట్టుకోవాల్సిన మొత్తం) కోసుకుని. ఎముక కాబట్టి సరిపోయింది. అదే గుండెనొప్పి అయ్యుంటే నా వాదన నిలిచేది కాదు.

అందుకని ఫారం నువ్వే దగ్గరుండి నింపు. మన సరిహద్దు ఊళ్ల వాళ్లకి ఇంకో చిక్కు. చిన్న జబ్బుకి పర్లాకిమిడిలోనో పాతపట్నంలోనో చూపించుకుంటాం, పెద్దదైతే శ్రీకాకుళం, విశాఖపట్నం పరుగెడతాం. కాగితాలు రెండు రాష్ట్రాల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. నాన్నగారు ఎప్పుడో విశాఖలో చేయించుకున్న గుండె పరీక్ష ఆయనకే గుర్తుండకపోవచ్చు. అమ్మగారిని అడుగు, ఆవిడకి గుర్తుంటుంది.

షుగరు ఉందని రాశాక కూడా మామూలు చెకప్పులకి, మందులకి డబ్బు రాదు. చాలా పాలసీలు పాత జబ్బు వల్ల ప్రాణం మీదకి వస్తేనే, అదీ కొంత పరిమితి వరకే ఇస్తాయి. ఆ పరిమితి ఎంతో పాలసీ వర్డింగ్‌లో, అంటే పూర్తి షరతుల కాగితంలో చూసుకో, ముందు పేజీలో కనిపించే పెద్ద అంకె చూసి మురిసిపోకు. 60 దాటినవాళ్లకి గది అద్దెకి, ఆపరేషన్‌కి విడివిడిగా సబ్‌లిమిట్‌లు (ఇంతకు మించి ఇవ్వమనే హద్దులు) పెట్టే పాలసీలూ ఉన్నాయి. వాటి జోలికి పోకు, ప్రీమియం కొంచెం ఎక్కువైనా సరే.

పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మనవాళ్లకి స్కూల్లో ఒకటి, ఇంటిపేరుతో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉండటం మామూలే. బంగారం నష్టపోతే సాధారణంగా బ్యాగేజీ కవర్‌లో రాదు.

ఏదైనా అయితే ప్రాణాపాయానికి 112. రాత్రిపూట జ్వరంలాంటిదైతే జర్మనీలో 116117 చేస్తే డ్యూటీ డాక్టరు సంగతి చెబుతారు. ఆ వెంటనే అసిస్టెన్స్‌కి ఫోన్ చేసి కేసు నంబరు తీసుకో. ఆసుపత్రిలో చేరితే వాళ్లే నేరుగా బిల్లు కట్టే ఏర్పాటు చెయ్యగలరు. నంబరు నాన్నగారి జేబులో కాగితం మీద కూడా రాసి పెట్టు, ఫోన్ పోతే ఫోన్‌లో ఉన్న నంబరు దేనికి?

*

అక్క చెప్పినదానికి రెండు ముక్కలు కలుపుతాను. మాది రాయగడ. క్లెయిమ్‌కి పాస్‌పోర్టు ముద్రల కాపీ అడుగుతారు. 2025 అక్టోబరు 12 నుంచి షెన్‌గెన్ సరిహద్దుల్లో ముద్ర బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకునే పద్ధతి మొదలైంది. అందుకని బోర్డింగ్ పాసులు పారెయ్యకండి. అన్నిటికీ విడివిడి పద్దులున్న బిల్లు అడిగి తీసుకోండి.

కంపెనీ మొండికేస్తే ముందు వాళ్ల గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి రాయాలి. నెల దాటినా పలకకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, బీమా తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాదిలోపు వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. పాలసీ విశాఖలో కొన్నా మీ ఇల్లు ఒడిశాలో ఉంది కాబట్టి భువనేశ్వర్ ఆఫీసులో పెట్టుకోవచ్చు.

అన్నట్టు, నీ సంగతి మరిచిపోకు. నీ జర్మన్ హెల్త్ కార్డు ప్రభుత్వ బీమాదైతే దాని వెనకవైపు యూరోపియన్ కార్డు ఉంటుంది. పారిస్‌లో అవసరమైన చికిత్సకి చెల్లుతుంది, స్విట్జర్లాండ్‌లో మాత్రం ఇండియన్ పాస్‌పోర్టు వాళ్లకి చెల్లదు. జర్మనీకి తీసుకొచ్చే ఖర్చు కూడా ఇవ్వదు. ఆ లోటుకి ఏడాది పొడుగునా పనిచేసే చిన్న పాలసీ ఇక్కడే చవకగా దొరుకుతుంది.

*

చాలా థాంక్స్ అక్కా, అన్నా. నిన్న రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. "షుగరని రాస్తే వీసా ఇవ్వరేమో" అని నాన్నగారి టెన్షన్. వీసా ఫారంలో అసలు ఆ ప్రశ్నే లేదని చూపించాక ఒప్పుకున్నారు. 2019లో విశాఖలో యాంజియోగ్రామ్ చేయించుకున్నారట, నాకు తెలియనే తెలియదు. అమ్మే చెప్పింది. గాజుల కథ విన్నప్పటి నుంచి అమ్మ తన బంగారు గాజులు తీసి లాకర్లో పెట్టేస్తానంటోంది. ఊడిరావడం లేదట. పొద్దున్నుంచీ సబ్బు రాస్తోంది.