కబుర్లతోనే నవ్వించే, ఎవరూ పట్టించుకోని చిన్న సినిమాలు చెబుతారా?

కథ పెద్దగా కదలకపోయినా ఫరవాలేదు, పాత్రలు మాట్లాడుకుంటుంటే నవ్వు రావాలి. అలాంటి స్వతంత్ర చిత్రాల కోసం వెతుకుతున్నాను. నా అభిరుచి తెలియడానికి రెండు పేర్లు: కెవిన్ స్మిత్ తీసిన 'క్లర్క్స్' (1994), విట్ స్టిల్‌మన్ తీసిన 'మెట్రోపాలిటన్' (1990). ఇవి బాగానే పేరు తెచ్చుకున్నాయి కాబట్టి మళ్లీ వీటినే సూచించకండి.

'క్లర్క్స్'ను స్మిత్ తాను పనిచేసే దుకాణంలోనే, అది మూసేశాక రాత్రిపూట చిత్రీకరించాడు. కథేమో పగలు జరగాలి. అందుకని ఎవరో తాళాల్లో చూయింగ్ గమ్ కుక్కారని, షట్టర్లు తెరుచుకోవడం లేదని రాసుకున్నాడు; అలా బయటి చీకటి కనబడదు. దుకాణం తెరిచే ఉందని హామీ ఇస్తూ బయట ఒక దుప్పటి మీద రాసి వేలాడదీస్తారు. చేతిలో డబ్బు లేకపోవడమే హాస్యానికి పెట్టుబడి అయింది!

'మెట్రోపాలిటన్'లో నవ్వు మరో రకం. అందులో ఒక కుర్రవాడు నవలలు చదవడు, వాటిమీద వచ్చిన విమర్శలే చదువుతాడు. అయినా ఇంగ్లిష్ నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ గురించి బల్లగుద్ది వాదిస్తాడు. (ఇలాంటివాళ్లు మనకందరికీ తెలుసు.)

ఏ భాషదైనా సరే, సబ్‌టైటిల్స్ ఉంటే చాలు. పడిపోవడాలు, తన్నుకోవడాలతో నవ్వించేవి వద్దు. విషాదంలోకి జారి, చివర్లో ఏడిపించేవి అసలే వద్దు. కథ మొత్తం చెప్పనక్కరలేదు. మిమ్మల్ని నవ్వించిన ఒక్క సంభాషణ ఎలాంటిదో రాయండి, దాన్నిబట్టి నేను తేల్చుకుంటాను. చట్టబద్ధంగా ఎక్కడ చూడవచ్చో కూడా చెబితే మరీ మేలు.