ఒకే ఇల్లు, ఒకే అమ్మ, పిల్లలిద్దరూ రెండు రకాలు: పెంపకమా, పుట్టుకా?

ఉప్పుగాలి:
మాది కాకినాడండి. నాకు ఇద్దరు మగపిల్లలు, పెద్దాడికి 14, చిన్నాడికి 9. మా ఆయన మస్కట్ వెళ్ళి 8 ఏళ్ళయింది, రెండేళ్ళకోసారి ఓ 40 రోజులు వచ్చి వెళ్తారు. చిన్నాడు ఎవరింటికెళ్ళినా ఇట్టే కలిసిపోతాడు, నవ్వించి వస్తాడు. పెద్దాడు పిలిస్తే పలకడు, పలికితే గయ్యిమంటాడు, మొన్న స్కూల్లో ఎవడితోనో కొట్లాడి చొక్కా చింపుకొచ్చాడు, ఎందుకురా అంటే చెప్పడు. మా ఆడపడుచు గృహప్రవేశంలో అందరం బంతిలో కూర్చుని పులిహోర తింటుంటే మా అత్తగారు అన్న మాట, "చిన్నోడు అచ్చం మా వంశం, పెద్దోడు మాత్రం దాని పెంపకం" అని. అంటే మంచంతా వాళ్ళ రక్తంలోంచి వచ్చేసింది, చెడంతా నేను పెట్టిన అన్నంలోంచి వచ్చిందన్నమాట. ఇద్దరికీ ఒకే గిన్నెలో కలిపి ముద్దలు పెట్టానండీ నేను. ఇక్కడ చదువుకున్నోళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా, పిల్లలు ఎలా తయారవుతారన్నది నిజంగా మన చేతిలో ఎంతుంది? ఓదార్చడానికి చెప్పొద్దు, ఉన్నది చెప్పండి.

జీన్స్ బాబు:
పేరు చూసి ప్యాంట్లు అమ్ముకునేవాణ్ణి అనుకోకండి, నాకు ఈ జన్యువుల గోల పిచ్చి. మీ అత్తగారు సగం సైన్సే మాట్లాడారు, కాకపోతే ఆవిడకి పనికొచ్చే సగం. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో థామస్ బౌచార్డ్ అనే ఆయన 1979 నుంచి, చిన్నప్పుడే విడిపోయి వేరేవేరే ఇళ్ళలో పెరిగిన కవలల్ని వెతికి పట్టుకుని పరీక్షలు పెట్టాడు, వందకి పైగా జతలు. మనిషికీ మనిషికీ ఐక్యూలో కనిపించే తేడాల్లో దాదాపు 70 శాతం జన్యువుల ఖాతాలోకే పోతుందని 1990లో రాశారు. 1987లో రాబర్ట్ ప్లోమిన్, డెనిస్ డానియల్స్ అని ఇద్దరు సరిగ్గా మీరడిగిన ప్రశ్నే అడిగారు, ఒకే ఇంటి పిల్లలు ఇంత వేరుగా ఎందుకుంటారు అని. వాళ్ళు తేల్చింది ఏంటంటే అన్నదమ్ముల్లో పోలికలుంటే అవి ఎక్కువగా జన్యువుల వల్లే, ఇల్లూ పరిసరాలూ పిల్లల్ని ఒకేలా చెయ్యడం కంటే వేరు చెయ్యడమే ఎక్కువ. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు గానీ వేపమొక్కని ఎన్ని వంపులు తిప్పినా మామిడికాయలు కాయదు కదండీ. మీ మీద వేసుకోకండి.

మంజీరా పోరడు:
జీన్స్ అన్నా, నువ్వు చెప్పింది మంచిగనే ఉంది గని అందరు ఒకటే ఇల్లు ఒకటే ఇల్లు అంటున్నరు సూడు, గదే తప్పు. మాది నిజామాబాద్ దిక్కు. మా నాయిన దుబాయి పోయిన్నాడు మా అన్నకు 11 ఏండ్లు, నాకు 4. అమ్మ బీడీలు చేసేది. నాయిన బస్సెక్కుతుంటె అన్న భుజం మీద చెయ్యేసి "ఇల్లు పైలం బిడ్డా" అన్నడంట, గంతే. ఆన్నించి అన్న ఆట బందయింది. తునికాకు నానవెట్టుడు, చేసిన బీడీలు కట్టలు గట్టి కార్ఖానకు మోస్కపోవుడు, ఆడ సేటు బాగలేవని కొన్ని పక్కకు తీసేస్తె ఆ పొల్లగాడే లొల్లి పెట్టుకునుడు. బ్యాంకుకు వాడే, రేషన్ దుకాణం లైన్ల వాడే, నాకు జరమొస్తె దవాఖానకు ఎత్తుకపోయింది వాడే. నేనేం చేసిన, నాయిన తెచ్చిన బ్యాటరీ కారుతోని ఆడుకున్న. ఇద్దరం గదే పెంకుటింట్ల పెరిగినం గద. వాడు పెరిగింది నాయిన లేని ఇల్లు, నేను పెరిగింది ఇద్దరు నాయినలున్న ఇల్లు, ఒకడు ఫోన్ల, ఒకడు ఇంట్ల. ఇప్పుడు ఊరోళ్ళు ఏమంటరంటె పెద్దోడు ముక్కోపి, చిన్నోడు హుషారు, పుట్టుకనే గంత అని. నాకు నవ్వొస్తది, ఒక్కోపారి ఏడుపొస్తది.

తాతగారి రేడియో:
ఇన్ని మాటలెందుకు నాయనా. మా నాన్నగారు చింతబరిక చేతిలోకి తీస్తే వీధి చివర కుక్క కూడా లోపలికి పోయేది. ఆరుగురం పిల్లలం, ఆరుగురం ఉద్యోగాలు చేసి రిటైరయ్యాం. దండం దశగుణం భవేత్. తండ్రి ఊళ్ళో లేకపోతే మేనమామైనా నాలుగు తగిలించాలి. ఈ కవలలూ కాకరకాయలూ అన్నీ తర్వాత.

ఎర్రనేల టీచర్:
రేడియో గారూ, ఆ ఆరుగురిలో నాన్నగారి పక్కన కూర్చుని కబుర్లు చెప్పినోళ్ళు ఎంతమందో కూడా రాయండి. బడిలో కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్లోనే ఉంది, చట్టం మాట పక్కన పెట్టినా, ఇంట్లో దెబ్బలు తినే పిల్లోడు ఎవడో మాకు చెప్పనక్కర్లేదు, నేను బోర్డు తుడవడానికి చెయ్యెత్తితే ముందు బెంచీలో వాడి తల కిందికి పోతాది.

జీన్స్ బాబు గారికి ఒక మాట. నేను కర్నూలు జిల్లా పడమటి వైపు గవర్నమెంటు బడిలో చేస్తున్నా. సీజనొస్తే ఊరు ఊరంతా గుంటూరు పక్క మిరపకోతకి లారీ ఎక్కుతాది, ఇళ్ళకి తాళాలు, క్లాసులో సగం బెంచీలు ఖాళీ. సీజనల్ హాస్టళ్ళు పెడతారు గానీ అందరూ వదిలిపెట్టి పోరు, ఎందుకంటే చంటిబిడ్డని ఎత్తుకోడానికి ఒకరు కావాల. ఒక ఇంట్లో ఇద్దరాడపిల్లలు. పెద్దది చెల్లెలి కంటే చురుకు, నా కళ్ళతో చూసినా. అమ్మతో పోయింది పెద్దదే, చిన్నదాన్ని అవ్వ దగ్గర వదిలినారు. అట్లా మూడు సీజన్లు. ఇప్పుడు చిన్నది ఎక్కాలు గడగడా చెప్తాది, పెద్దది పుస్తకం తీస్తే అక్షరం అక్షరం కూడబలుక్కుంటాది, చంటోణ్ణి మాత్రం ఎంత ఏడుస్తున్నా రెండు నిమిషాల్లో నిద్రపుచ్చుతాది. ఇది ఏ జన్యువు సార్?

జీన్స్ బాబు:
టీచర్ గారూ, అక్కడ నేను ఓడిపోయినట్టే, ఒప్పుకుంటున్నా. నేను చెప్పిన ఆ మిన్నెసోటా కవలల్లో మరీ కటిక పేద ఇళ్ళలో పెరిగినవాళ్ళు చాలా తక్కువ, ఆ సంగతి వాళ్ళే పేపర్లో రాసుకున్నారు. 2003లో ఎరిక్ టర్క్‌హైమర్ వాళ్ళు 7 ఏళ్ళ కవలల ఐక్యూ లెక్కలు తీస్తే కలిగిన ఇళ్ళలో జన్యువుల వాటా ఎక్కువ కనిపించింది, లేని ఇళ్ళలో అది దాదాపు సున్నా, 60 శాతం ఇంటి పరిస్థితే. యూరప్‌లో చేసిన స్టడీల్లో మాత్రం ఈ తేడా ఇంతగా కనిపించలా, సర్కారు ఆదుకునే పద్ధతి వేరు కాబట్టి కావచ్చు అంటారు. మంచి విత్తనం అయినా తడి లేకపోతే విత్తనం గుణం బయటపడేదెక్కడ. కానీ ఉప్పుగాలి గారింట్లో తిండికీ బడికీ లోటు లేదు కదా, అందుకని నా మొదటి మాట ఇంకా వదలట్లేదు.

రాత్రి డ్యూటీ:
అందరూ పడుకున్నాక చదువుతున్నా, అడ్డొచ్చినందుకు ఏమనుకోకండి. ఇల్లు అనేదే లేకపోతే ఏమవుద్దో చూడాలంటే రొమేనియా. అక్కడ నియంత చౌషెస్కు పోయాక చూస్తే లక్షకు పైగా పిల్లలు అనాథాశ్రమాల్లో ఉన్నారు, వరసగా ఊచల మంచాలు, ఎత్తుకునే చెయ్యి లేదు. 2000 తర్వాత బుకారెస్ట్‌లో అలాంటి 136 మంది పసిపిల్లల్ని తీసుకుని, చీటీ వేసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకి ఇచ్చారు. ఇళ్ళకెళ్ళిన వాళ్ళ తెలివితేటలు మిగతావాళ్ళ కంటే మెరుగయ్యాయి, అందులోనూ రెండేళ్ళ లోపు వెళ్ళినోళ్ళు ఇంకా బాగా కోలుకున్నారు. తిండి అక్కడా పెట్టారు. లేనిదల్లా తనదనుకునే ఒక మనిషి.

ఇంకోటి, ఇది ఉప్పుగాలి గారి కోసం. నార్వేలో 2007లో, సైన్యం పరీక్షకెళ్ళిన దాదాపు రెండున్నర లక్షల కుర్రాళ్ళ లెక్కలు తీశారు. పెద్దకొడుకులకి రెండోవాళ్ళ కంటే ఐక్యూ సగటున 2.3 పాయింట్లు ఎక్కువ. ఆవగింజంత తేడా, దానికోసం రాయట్లేదు. రెండోవాడై పుట్టి, పైవాడు పసితనంలోనే పోతే, ఆ రెండోవాడికీ పెద్దకొడుకు మార్కులే వచ్చాయంట. అంటే లెక్కకొచ్చింది కడుపులో వరస కాదు, ఇంట్లో వరస. మంజీరా తమ్ముడు బీడీ కట్టల్లోంచి చెప్పింది కూడా ఇదే కదా. వాళ్ళింట్లో ఆ వరస భుజాలకెక్కింది, అంతే తేడా.

డాలస్ దోశ:
మీరంతా ఇంటి గుమ్మం దాటట్లేదు. జూడిత్ హారిస్ అనే ఆవిడ 1998లో అంది కదా, పిల్లల్ని మలిచేది అమ్మానాన్నల కంటే తోటిపిల్లలే అని, పెద్ద గొడవైంది దానిమీద. పూర్తిగా నమ్మను గానీ మా ఇంట్లో పొద్దస్తమానం తెలుగే మాట్లాడతాం, మా పాప జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ స్కూల్ బస్సులో దాని ఫ్రెండ్ మాట్లాడినట్టే ముక్కుతో. అక్కా, పెద్దాడు కొట్లాడింది ఎవడితో, దేనికో కనుక్కోండి ముందు.

తాతగారి రేడియో:
టీచరమ్మ అడిగిన దానికి. ఒక్కరమూ కూర్చోలేదమ్మా. ఆయన వీధి గుమ్మంలోంచి వస్తే మేం పెరటి గుమ్మంలోంచి పోయేవాళ్ళం. అయినా భయం ఉండాలంటాను.

ఉప్పుగాలి:
అందరికీ థాంక్స్. మంజీరా తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివా. విశాఖ ఎయిర్‌పోర్టులో మా ఆయన కూడా పెద్దాడితో "ఇక ఇంటికి మగదిక్కు నువ్వేరా" అన్నారు, ఆరేళ్ళ వాడితో, వాడు నిక్కరు పైకి లాక్కుని ఊఁ అంటే అందరం నవ్వాం కూడాను.

నిన్న రాత్రి వీడియో కాల్ అప్పుడు వంటింట్లోకి వెళ్ళకుండా పక్కనే కూర్చున్నా. చిన్నాడితో 20 నిమిషాలు, ఊడిన పన్ను చూపించడం, కింద వీధిలో కుక్కపిల్లలు, వాడు పాడిన పాట. తర్వాత పెద్దాడు. యూనిట్ టెస్టులో ఎన్నొచ్చాయి, గ్యాస్ బుక్ చేశావా, తమ్ముణ్ణి ట్యూషన్ నుంచి తీసుకొస్తున్నావా. మూడింటికీ మూడు ముక్కల్లో చెప్పాడు, ఆయన "సరే అమ్మకివ్వు" అన్నారు. వాడు ఫోన్ నాకిచ్చి ఛార్జరు వైరు చుట్ట చుట్టి మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు. అది కూడా వాడి డ్యూటీయే అని నాకు నిన్నే తట్టింది. నేను మాత్రం తక్కువ తిన్నానా, పొద్దున్నుంచి వాడితో నేనన్న మాటలు లెక్కేసుకుంటే అన్నీ పనులే.

ఆయనతో అంటే "పెద్దాడయ్యాడుగా, వాడితో ఇంకేం మాట్లాడతాం" అన్నారు. అత్తగారికి నార్వే సంగతి చెప్తే "ఆ దేశం గొడవ మనకెందుకే" అన్నారు. చొక్కా ఎందుకు చిరిగిందో వాడింకా చెప్పలా. రేపటి కాల్‌లో గ్యాస్ మాట ఎత్తొద్దని ఆయనకి మెసేజ్ పెట్టా, నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలా.

మంజీరా పోరడు:
అక్కా, గ్యాస్ ఇంగ నువ్వే బుక్ చెయ్.