పట్టణానికి పారిపోయిన విలీన్ ఏడాది పాటు ఎలా బతికేవాడు?

మధ్యయుగపు ఇంగ్లండ్ గురించి చదువుతూ ఒక దగ్గర ఆగిపోయాను. తెలిసినవాళ్లు చెప్పండి.

విలీన్ అంటే దొర భూమికి కట్టుబడిన రైతు. తన కమతం చూసుకుంటూనే వారానికి రెండు మూడు రోజులు దొర పొలంలో వెట్టి చేయాలి. కూతురి పెళ్లికి దొరకు డబ్బు కట్టాలి. అతను చనిపోతే ఇంట్లో ఉన్న మంచి పశువును దొర తోలుకుపోతాడు, అదీ ఏడుస్తున్న ఇంటి ముందు నుంచి! అది చదివాక మనసు కుదురుగా లేదు.

చార్టర్ (ప్రత్యేక హక్కులిచ్చే పత్రం) ఉన్న పట్టణానికి పారిపోయి ఏడాదీ ఒక రోజూ పట్టుబడకుండా ఉంటే విముక్తి దొరికేదట. మరి అన్నాళ్లూ ఏం పని చేసి బతికేవాడు? గిల్డులు (వర్తకుల, చేతివృత్తులవాళ్ల సంఘాలు) చేర్చుకునేవా? ఊళ్లో మిగిలిన భార్యాపిల్లల గతి ఏమిటి? 1348 ప్లేగు తర్వాత కూలీలు దొరకలేదు, 1351 చట్టమేమో కూలి రేట్లను కట్టడి చేసింది. అప్పుడు పారిపోవడం సులువైందా, కష్టమైందా? మేనర్ కోర్టు (దొర ఎస్టేటులో నడిచే కోర్టు) రికార్డులు చూసినవాళ్లు ఒక్క కేసు చెప్పినా చాలు.