తంగరాజ్ సిపాయా, ఆటగాడా?

పీఈటీ_మాస్టారు: పీటర్ తంగరాజ్‌ని ఆర్మీ వాళ్లు తమ మనిషని చెప్పుకుంటారు. నాకు ఒప్పుదల లేదు. ఆర్మీ జీతమిచ్చిందంతే, ఆయన బతుకంతా బంతి. మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్ల గోల్‌కీపర్. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం, 1967లో అర్జున అవార్డు. ఇందులో తుపాకీ ఎక్కడుంది?

మాజీ_హవల్దార్: మాస్టారూ, మొదట్లో ఆయన సెంటర్ ఫార్వర్డ్. గోల్‌పోస్టు ముందుకొచ్చింది మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో చేరాకే. 1955లో, 1958లో డ్యూరాండ్ కప్పు గెలిచింది ఆ సెంటరే. యూనిఫాం వేసుకున్నోడు సిపాయే.

నాగావళి_కుర్రాడు: ఇంతకీ ఆయన మద్రాసీ కదా?

పలాస_జీడిపప్పు: కాదు బాబూ, పుట్టింది హైదరాబాద్‌లో.

పీఈటీ_మాస్టారు: మరి కలకత్తా ఎందుకెళ్లాడు? అక్కడి క్లబ్బులు మోహన్ బగాన్‌కీ ఈస్ట్ బెంగాల్‌కీ ఎందుకాడాడు? ఆట కోసం.

మాజీ_హవల్దార్: ఆట మాకూ తెలుసు. యూనిట్ మ్యాచ్‌లో మోకాలు తిప్పుకున్నాను. పూర్తి ఫిట్ కాదని లో మెడికల్ కేటగిరీలో వేశారు, ప్రమోషన్ ఆగింది. చప్పట్లు కొట్టినోళ్లలో ఒక్కడూ ఆస్పత్రికి రాలేదు.

నాగావళి_కుర్రాడు: హైదరాబాద్‌లో పుడితే తెలుగువాడైపోతాడా?

పీఈటీ_మాస్టారు: మీ మోకాలికి తంగరాజ్ ఏం చేశాడండీ?

మాజీ_హవల్దార్: తంగరాజ్ పేరు పెట్టి ఎవర్ని అంటున్నారో తెలీనంత అమాయకుణ్ణి కాను. మీ స్కూల్ గోల్‌కీపర్ ఆర్మీ భర్తీ ర్యాలీ కోసం నా దగ్గరికి పరుగు ప్రాక్టీస్‌కి వస్తున్నాడు. అదే కదా మీ కడుపుమంట?

పీఈటీ_మాస్టారు: అవును, అదే! టోర్నమెంటుకి వారం ముందు మానేశాడు. గోల్‌లో ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి నిలబెట్టాను. గ్లౌజులు వాడి మోచేతుల దాకా వచ్చాయి. ఏడు గోల్స్ తిన్నాం. దేనికోసం? అగ్నివీర్‌లో నాలుగేళ్లయ్యాక నూటికి పాతికమందిని మించి ఉంచుకోరు.

మాజీ_హవల్దార్: వాళ్ల నాన్న చెన్నైలో కూలిపని చేస్తున్నాడు. నాలుగేళ్ల జీతం ఆ ఇంటికి తక్కువా? మీ కప్పు తాకట్టు పెడితే ఎంతొస్తుంది?

పలాస_జీడిపప్పు: పెద్దోళ్లు, కాస్త తగ్గండి.

పీఈటీ_మాస్టారు: ఆర్మీలో స్పోర్ట్స్ కోటాలోనూ తీసుకుంటారు కదా. పొద్దున మీ దగ్గరే పరిగెత్తనీయండి. సాయంత్రం ఒక్క గంట నాకు పంపండి.

మాజీ_హవల్దార్: కోటాకి మీ మండలం కప్పు చాలదు మాస్టారూ. ర్యాలీ అయ్యేదాకా పంపను. వాడి మోకాలు పోతే 1600 మీటర్లు మీరు పరిగెడతారా?

నాగావళి_కుర్రాడు: అది సరే, ఇంట్లో ఏం మాట్లాడేవాడు? తెలుగా, తమిళమా?