చర్చ: డైర్ స్ట్రెయిట్స్‌ను వదులుకుని మార్క్ నాఫ్లర్ నష్టపోయాడా?

తంత్రీనాదం:
బ్రిటిష్ రాక్ బ్యాండు డైర్ స్ట్రెయిట్స్ 1985లో తెచ్చిన ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ ఆల్బమ్ ప్రపంచమంతటా మూడు కోట్ల ప్రతులు దాటింది. అప్పుడప్పుడే అంగళ్లలోకి వస్తున్న సీడీకి గిరాకీ తెచ్చిన ఆల్బమ్‌లలో అది ముఖ్యమైనది. అంతటి బ్యాండుకు గిటారిస్టు, గాయకుడు, పాటల రచయిత తానే అయిన నాఫ్లర్ 1992 అక్టోబరులో స్పెయిన్‌లోని జరగోజాలో చివరి కచేరీ ముగించి, 1996లో ‘గోల్డెన్ హార్ట్’తో సొంత పేరు మీద కొత్త దారి పట్టాడు. 2018లో అమెరికాలోని సంగీత గౌరవ సంస్థ రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ బ్యాండును సత్కరించినప్పుడు కూడా ఆ వేడుకకు వెళ్లలేదు.

ఈ నిర్ణయం వల్ల ఆయన సంగీతం నష్టపోయిందని నా అభిప్రాయం. 1982 నాటి బ్యాండు పాట ‘టెలిగ్రాఫ్ రోడ్’ పద్నాలుగు నిమిషాల పాట. అందులో బ్యాండు కీబోర్డు వాద్యకారుడు అలాన్ క్లార్క్ పియానో, నాఫ్లర్ గిటారు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ పాటను పైపైకి తీసుకుపోతాయి. సోలో ఆల్బమ్‌లలో గిటారు చాలాచోట్ల మాటల వెనుక అణిగిమణిగి ఉంటుంది.

రాగమాలిక:
తంత్రీనాదం గారు బ్యాండు అంటున్నది దేన్నో ముందు తేల్చుకోవాలి. 1977లో లండన్‌లో కలిసిన నలుగురిలో నాఫ్లర్ తమ్ముడు డేవిడ్ 1980లోనే వెళ్లిపోయాడు, డ్రమ్మర్ పిక్ విదర్స్ 1982లో తప్పుకున్నాడు, చివరిదాకా నాఫ్లర్‌తో మిగిలింది బేస్ గిటారిస్టు జాన్ ఇల్స్‌లీ ఒక్కడే. మరోవైపు, 1984లో చేరిన కీబోర్డు వాద్యకారుడు గై ఫ్లెచర్ సోలో ఆల్బమ్‌లలోనూ వెన్నంటి ఉన్నాడు. కాబట్టి నాఫ్లర్ వదులుకున్నది తోటి కళాకారులను కాదు. ఆ పేరునూ, ఆ పేరు వెంట వచ్చే స్టేడియం హంగామానూ.

గిటారు అణిగిందన్న మాటకు వస్తే, ఆయన పుట్టుకతో ఎడమచేతివాటం వాడైనా కుడిచేతివాటంగానే వాయిస్తాడు. ప్లెక్ట్రమ్‌తో (తీగ మీటే చిన్న బిళ్లతో) పని లేకుండా బొటనవేలు, మరో రెండు వేళ్లతో తీగ మీటుతాడు. ఆ మీటు మాట్లాడినట్టుంటుంది గనుకనే కథ చెప్పే పాటకు అంతగా నప్పుతుంది. 2000 నాటి ‘సెయిలింగ్ టు ఫిలడెల్ఫియా’లో, పెన్సిల్వేనియా, మేరీలాండ్ సరిహద్దు గీసిన సర్వేయర్లలో డిక్సన్‌గా నాఫ్లర్, మేసన్‌గా అమెరికన్ గాయకుడు జేమ్స్ టేలర్ వంతులవారీగా పాడతారు. అక్కడ గిటారు తగ్గి ఉండటం లోపం కాదు, ఔచిత్యం. పైగా 1983లోనే, బ్యాండు జోరు మీదుండగా, ‘లోకల్ హీరో’ సినిమాకు స్కాటిష్ జానపద ఛాయలతో సంగీతం కూర్చాడు. ఈ మొగ్గు 1996లో పుట్టింది కాదు.

మధ్యమశ్రుతి:
సోలో కచేరీల్లో కూడా ‘రోమియో అండ్ జూలియట్’, ‘టెలిగ్రాఫ్ రోడ్’ వాయిస్తూనే వచ్చాడు కదా! వదిలేశాననుకున్న బ్యాండు పాటలే హాళ్లు నింపాయంటే, తంత్రీనాదం గారి వాదనకు కొంత బలం ఉన్నట్టే.

తంత్రీనాదం:
నేను చెబుతున్నది అదే. బ్యాండు పాట ‘సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్’లో చివరి గిటారు సోలోను మరోసారి వినండి. గిటారు ఎంత పరుగు తీసినా విదర్స్ డ్రమ్స్ తొందరపడవు. ఆ నిగ్రహమే సోలోకు బిగువునిచ్చింది. సోలో ఆల్బమ్‌లలోని వాద్యకారులు సమర్థులే, కాదనను. అయితే వాళ్లు నాఫ్లర్ చెప్పింది వాయించడానికి వచ్చినవాళ్లు. ఎదురు నిలిచే తోటివాళ్లు కారు.

రాగమాలిక:
ఆ కొలతతోనే చూస్తే, మీరు మొదట ఎత్తిచూపిన ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ సంగతేమిటి? అందులో డ్రమ్స్ చాలా భాగం వాయించింది బ్యాండు సభ్యుడు కాడు, బయటి నుంచి పిలిపించిన ఒమర్ హకీం. బ్యాండు శిఖరాన ఉన్నప్పుడే పని తీరు అలా మారిపోయింది. 1996లో మారింది అట్ట మీది పేరు మాత్రమే.