డ్రైవులు తిరగ్గానే మీటర్లు టైమ్‌అవుట్: మోడ్‌బస్ లైను సందేహం

ప్రశ్న (గునుపూర్, రాయగడ జిల్లా, ఒడిశా):
రైస్ మిల్లు ప్యానెల్‌లో ఒకే ఆర్‌ఎస్-485 లైను (డేటా పోయే తీగల జత) మీద 5 వీఎఫ్‌డీలు (మోటారు స్పీడు మార్చే డ్రైవులు), 4 ఎనర్జీ మీటర్లు పీఎల్‌సీకి (ప్యానెల్‌లోని కంట్రోలర్‌కి) కలిపాం. లైను సెట్టింగులు: మోడ్‌బస్ ఆర్‌టీయూ (పరికరాలు డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి), వేగం 9600 బాడ్, ఈవెన్ పారిటీ (తప్పులు పట్టే బిట్టు). మోటార్లు ఆగి ఉంటే అన్నీ చదువుతోంది. ఎలివేటరు, పాలిషరు తిరగ్గానే మీటర్లు సమయానికి జవాబివ్వక టైమ్‌అవుట్ అవుతున్నాయి. పైగా ఒక మీటరు మీద 412.7 వోల్టులుంటే స్క్రీన్ మీద పదహారు అంకెల సంఖ్య కనపడుతోంది. మీటరు పోయిందంటారా సార్?

జవాబు 1:
మీటరు బాగానే ఉంది, మార్చకండి. 412.7ని ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) పంపితే 43సీఈ, 599ఏ అని రెండు రిజిస్టర్లు (16 బిట్ల డేటా గళ్లు, హెక్స్ అంకెల్లో) వస్తాయి. పీఎల్‌సీ వాటిని తిరగేసి కలిపితే మీరు చెప్పిన ఆ పెద్ద సంఖ్యే వస్తుంది. సరిగ్గా 415.0 ఉన్న క్షణంలో అయితే దాదాపు సున్నా చూపిస్తుంది, అందుకే చాలామంది మీటరునే అనుమానిస్తారు. ప్రోగ్రాములో వర్డ్ స్వాప్ (రెండు రిజిస్టర్ల వరస మార్చడం) పెట్టండి. అప్పటికీ తేడా ఉంటే రిజిస్టరు అడ్రసు ఒకటి అటూఇటూ చేసి చూడండి. మాన్యువల్‌లోని 40001 లైను మీద 0గా వెళ్తుంది.

జవాబు 2:
టైమ్‌అవుట్ సంగతి వైరింగులో ఉంది. ముందు ప్యానెల్ సప్లై మొత్తం ఆపి, ఏ-బీ తీగల మధ్య ఓములు కొలవండి. లైను రెండు చివర్లా 120 ఓముల రెసిస్టరు (సిగ్నల్ వెనక్కి కొట్టకుండా పెట్టే టెర్మినేషన్) ఉంటే సుమారు 60 రావాలి. 120 వస్తే ఒక చివర లేదు. 40 వస్తే మధ్యలో ఎక్కడో మూడోది ఉంది. లైను ఒక పరికరం నుంచి మరోదానికి వరసగా పోవాలి. టెర్మినల్ బాక్సులో కొమ్మలుగా చీలిస్తే సిగ్నల్ వెనక్కి కొడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
40 వచ్చింది సార్. మూడో డ్రైవులో టెర్మినేషన్ స్విచ్ ఆన్‌లో ఉంది. తీసేశాక 60. మీటర్లు ఇప్పుడు చదువుతున్నాయి, కానీ పాలిషరు స్టార్టయినప్పుడు చివరి మీటరు ఒక్కటి ఇంకా పోతోంది.

జవాబు 2:
కమ్యూనికేషన్ కేబుల్ మోటారు కేబుల్‌తో ఒకే ట్రేలో పోతోందేమో చూడండి. కనీసం ఒక అడుగు దూరం పెట్టండి, దాటక తప్పనిచోట అడ్డంగా దాటించండి. షీల్డున్న (పైన లోహపు తొడుగున్న) ట్విస్టెడ్ పెయిర్ (మెలిపెట్టిన తీగల జత) వాడి, షీల్డును ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి. మోటారు కేబుల్ షీల్డు మాత్రం రెండు వైపులా ఎర్త్ కావాలి. ఏ, బీలతో పాటు కామన్ తీగ (సిగ్నల్ గ్రౌండు) కూడా అన్ని పరికరాలకూ లాగండి. దాన్ని వదిలేసిన లైన్లే ఎక్కువగా ఇలా ఇబ్బంది పెడతాయి.

జవాబు 1:
ఒక మాట గట్టిగా చెప్తున్నా. ఎమర్జెన్సీ స్టాప్‌ను మోడ్‌బస్ మీద పెట్టకండి, విడిగా తీగ లాగండి. లైను తెగితే డ్రైవు పాత స్పీడులోనే తిరుగుతూ ఉండొచ్చు. ప్రతి డ్రైవులో కమ్యూనికేషన్ లాస్ సెట్టింగును ‘స్టాప్’కి మార్చి, మోటారు ఖాళీగా తిరుగుతుండగా కమ్యూనికేషన్ కేబుల్ పీకి పరీక్షించండి. ఏ పరికరానికి ఏ అడ్రసో చూపే పట్టీ ప్యానెల్ తలుపు లోపల తెలుగులోనూ ఒడియాలోనూ అంటించండి, రాత్రి షిఫ్టు ఫిట్టరుకి అదే ఆధారం.