తాడిపత్రి బండల ఫ్యాక్టరీల్లో బీటెక్ ప్రాజెక్టు: తప్పనిసరి చేయాలా, వద్దా?

పెన్నగట్టు: డిగ్రీ పిల్లలకు 10 నెలల ఇంటర్న్‌షిప్ 2020-21లో తప్పనిసరి చేశారు. బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టు కూడా జిల్లాలోని ఏదో ఒక యూనిట్‌లోనే చేయాలని రూలు పెడితే తప్పేముంది? రెడీమేడ్ ప్రాజెక్టు కొని, బైండింగ్ చేయించి, వైవాకు పట్టుకొచ్చే పద్ధతైనా ఆగుతుంది. ఏమంటారు?

మిల్లు_లెక్కలు: రూలు పెడితే ప్రాజెక్టు రాదప్పా, సర్టిఫికెట్ వస్తుంది. కొనేవాళ్లు అదీ కొంటారు. ఓనరు సీలు వేసి సంతకం పెట్టేదానికి రెండు నిమిషాలు చాలు. నలుగురు పిల్లోళ్లు మిషన్ల మధ్య తిరుగుతాంటే బ్లేడు కాడ ఎవరికన్నా దెబ్బ తగిలితే ఎవరు చూసుకుంటారు? కాలేజీ ఇన్సూరెన్స్ కాగితం చేతికి రానిదే గేటు తీయకూడదు.

ల్యాబ్_మాస్టారు: ఇన్సూరెన్స్ మాట నిజం. కానీ సర్టిఫికెట్ల బేరం ఆగాలంటే పని ఏమిటో ముందే కొలతల్లో రాసుకోవాలి. "ఫ్యాక్టరీ అధ్యయనం" అని రాసుకుంటే ఏమీ తేలదు. "బురద తొట్టి ఎంత పెద్దది ఉంటే నీళ్లు మళ్లీ వాడుకోవచ్చు?" అని రాసుకుంటే తేలుతుంది. బండ కోసేటప్పుడు బ్లేడు మీద పోసే నీళ్లు రాతిపొడితో కలిసి బురదగా చేరే తొట్టి అది.

దీనికి పెద్ద సామాను అక్కర్లేదు. మిషన్ కింద కాలువ దగ్గర 20 లీటర్ల బకెట్ పెట్టి స్టాప్‌వాచ్ నొక్కండి. 12 సెకన్లలో నిండితే నిమిషానికి 100 లీటర్లు, గంటకు 6 ఘనపు మీటర్లు. అదే బురదను లీటరు కొలజాడీలో పోసి, తేట నీటికీ బురదకీ మధ్య గీత ఎంత వేగంగా దిగుతోందో చూడాలి. 20 నిమిషాల్లో 20 సెంటీమీటర్లు దిగితే గంటకు 0.6 మీటరు. 6ని 0.6తో భాగిస్తే తొట్టి వైశాల్యం 10 చదరపు మీటర్లు. తొట్టిలో నీళ్లు కొలజాడీలో ఉన్నంత నిలకడగా ఉండవు కాబట్టి 15 కట్టమనాలి.

పటిక ఎంత వేయాలో కూడా తేల్చవచ్చు. లీటరు నీటిలో 10 గ్రాముల పటిక కరిగిస్తే, అందులో ఒక మిల్లీలీటరు లీటరు బురదకు 10 మిల్లీగ్రాముల మోతాదు ఇస్తుంది. ఆరు జాడీల్లో 10 నుంచి 60 మిల్లీగ్రాముల దాకా వేసి, నిమిషంసేపు వేగంగా, పావుగంట మెల్లగా కలిపి, అరగంట వదిలేయాలి. అన్నిటికంటే తక్కువ మోతాదుతో తేటపడిన జాడీ ఏదో అదే జవాబు. బండ సున్నపురాయి జాతిది, అందుకే పటిక వేసినా పీహెచ్ పెద్దగా పడదు.

మిల్లు_లెక్కలు: సార్, లెక్క బాగుంది. కానీ పిల్లోళ్లు పది గంటలకు బస్సు దిగుతారు. తొట్టి కడిగేది పొద్దున్నే. అప్పుడు పట్టిన నీళ్లు చూస్తే అంతా బాగున్నట్టే కనపడుతుంది.

ల్యాబ్_మాస్టారు: అందుకే రోజుకు మూడు శాంపిళ్లు: మిషన్ వేయగానే, మధ్యాహ్నం, ఆపే ముందు. సీసా ల్యాబుకు చేరేలోపు బురద అడుగున పేరుకుంటుంది. బాగా కుదపకుండా పైనీళ్లు వంచి కొలిచారంటే రిపోర్టు మొత్తం తప్పే. తొట్టి సరిపోయినా నీళ్లు తేటపడటం లేదంటే కాలువ చూడాలి. ఎత్తు నుంచి పడే నీళ్లు అడుగు బురదను లేపుతుంటాయి. ముందు ఒక అడ్డుగోడ కట్టి, బయటికి పైఅంచు మీదుగా పొర్లేలా చేస్తే చాలావరకు సరిపోతుంది.

సీమ_ఈసీఈ: సివిల్, మెకానికల్ వాళ్లకు సరే. మా ఎలక్ట్రానిక్స్ బ్రాంచి పిల్లలు బండల ఫ్యాక్టరీలో ఏం చేయాలి?

ల్యాబ్_మాస్టారు: తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో మోటారు కరెంటు వారంపాటు నమోదు చేయమనండి. బ్లేడు మొద్దుబారితే లోడు పెరుగుతుంది. ఎన్ని ఆంపియర్ల దగ్గర మార్చాలో చెప్పగలిగితే ఏ ఓనరైనా వింటాడు.

పెన్నగట్టు: సరే, అందరికీ తప్పనిసరి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పనిని కొలతల్లో రాసిచ్చిన యూనిట్లకే పిల్లల్ని పంపాలి. అయితే గైడ్ నెలలో కనీసం రెండుసార్లు ఫ్యాక్టరీకి రావాలి కదా. ఆయన బస్సు ఛార్జీలు ఎవరిస్తారు?

మిల్లు_లెక్కలు: అది కాలేజీని అడగన్నా. టీ మాత్రం మేం పోస్తాం.